నీరు ఆగిన చోట

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో ఏటా సగటున 1,100 మిల్లీమీటర్ల దాకా వాన కురుస్తుంది. అనంతపురం వైపు పడే వానకు ఇది దాదాపు రెట్టింపు. అయినా మార్చి దాటిందంటే ఇక్కడ ఎన్నో ఊళ్లలో కుళాయిల దగ్గర బిందెలు బారులు తీరతాయి, చెరువులు నెర్రెలు విచ్చుతాయి. వాన తక్కువై వచ్చిన ఎద్దడి కాదిది. పడిన వాన నిలవక వచ్చింది.

పటం ముందు పెట్టుకుంటే సంగతి తెలిసిపోతుంది. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. వంశధార, నాగావళి ఒక్కొక్కటీ 250 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. రెండూ ఒడిశాలో కలహండి, రాయగడ కొండల్లో పుట్టి, తూర్పు కనుమల మీంచి దిగి, వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కల్లేపల్లి దగ్గర బంగాళాఖాతంలో కలిసిపోతాయి. చంపావతి, గోస్తని, మహేంద్రతనయ, బాహుదలైతే ఇంకా చిన్నవి. కొండల్లో జోరున వాన కొడితే ఒకటి రెండు రోజుల్లోనే వంతెనల కింద ఎర్రనీరు సుడులు తిరుగుతుంది, మరో రోజుకు సముద్రం పాలవుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఈ నదుల తొందరపాటు ఎలాంటిదో ఇంకోసారి చూపించింది.

అందుచేత ఇక్కడి కంచంలో అన్నం, చెంబులో నీళ్లు ఎక్కడివి అని అడిగితే, ‘నదివి’ అనేది సగం జవాబే. పరుగెత్తే నీటికి ఎక్కడో ఓ చోట కాళ్లకు బంధం పడాలి. ఇసుక, చెరువు, చిత్తడి బీల, వరిమడి, కొండ నెత్తిన ఉండే రాతిపొర. మన తిండీ తాగునీరూ పుట్టేది ఆ బంధం పడ్డచోటే. ఈ అధ్యాయంలో అలాంటి చోట్ల కొన్నిటిని చూద్దాం.

చెలమ

వేసవిలో నాగావళి ఒడ్డున నిలబడితే అవతలి గట్టుదాకా ఇసుకే. నడుమ ఎక్కడో సన్నటి పాయ. నది చచ్చిందనుకుంటాం. ఆ ఇసుకలోనే ఆడవాళ్లు మోకాటిలోతు గుంట తీస్తారు, చేత్తోనో కొబ్బరిచిప్పతోనో. అడుగున చల్లగా తడి తగులుతుంది. కాసేపటికి నీరు ఊరుతుంది. ఇదే చెలమ. మొదట ఊరినది బురద బురదగా ఉంటే తోడి పారబోస్తారు. మళ్లీ ఊరినదీ తోడేస్తారు. ఆ తర్వాత ఊరే నీళ్లలో అడుగునున్న ఇసుక రేణువుల్ని లెక్కపెట్టవచ్చు. బిందె మూతికి పాతచీర మడత వేసి, చిప్పను ఒరగా ముంచి, అడుగు కదలకుండా పైపై నీరే పోస్తారు.

ఇందులో ప్రతి పనికీ ఓ శాస్త్రం ఉంది. ఇసుకలో రేణువుకూ రేణువుకూ మధ్య ఉన్న ఖాళీని మొత్తం కలిపితే పరిమాణంలో మూడో వంతు దాకా వస్తుంది. నీటితో నిండిన ఘనమీటరు ఇసుకలో సుమారు 300 లీటర్లు పడతాయి, వాటిలో 200 లీటర్లయినా తోడుకోవచ్చు. 200 మీటర్ల వెడల్పు, కిలోమీటరు పొడవు, 5 మీటర్ల మందం ఉన్న ఇసుకమేట ఊహించండి. అందులో 20 కోట్ల లీటర్లు దాగి ఉన్నట్టు. లక్ష లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకులు రెండు వేలు కడితే గానీ అంత నీరు పట్టదు. పైగా మీదున్న పొడి ఇసుక ఎండను అడ్డుకుంటుంది కాబట్టి ఆవిరై పోయేదీ తక్కువే. రెండుసార్లు తోడి పారబోయడం ఎందుకంటే, తవ్వినప్పుడు రేగిన సన్నటి బంకమట్టి ఆ నీటితో బయటికి పోతుంది, గుంట చుట్టూ గరుకు ఇసుక మిగిలి అదే జల్లెడవుతుంది. బోరు వేసిన తర్వాత గంటల తరబడి నీళ్లు వదిలేసేదీ ఇందుకే. ఆ పనికి లారీ కంప్రెసర్ తెచ్చుకుంటారు, ఇక్కడ కొబ్బరిచిప్ప చాలు.

నదిలో నీరు గంటకు కిలోమీటర్ల చొప్పున పోతే, ఇసుక లోపల రోజుకు కొన్ని మీటర్లు కదిలితే గొప్ప. ఆ నెమ్మదే దాన్ని శుభ్రం చేస్తుంది. ఇసుక రేణువుల మీద పలచటి జిగురుపొరలా సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. నీటితో వచ్చే రోగక్రిముల్లో చాలావాటిని అవి పట్టి తినేస్తాయి. ఈ సంగతికి లోకం నమ్మే రుజువు 1892లో జర్మనీలో దొరికింది. ఎల్బే నది ఒడ్డున హాంబర్గ్, దానికి దిగువన ఆనుకునే ఆల్టోనా. హాంబర్గ్ నదినీటిని వడకట్టకుండా కుళాయిల్లోకి వదిలేది. ఆల్టోనా హాంబర్గ్ మురుగు కలిసిన నీటినే తోడుకునేది గానీ ఇసుకగుండా వడకట్టి ఇచ్చేది. కలరా వచ్చింది. హాంబర్గ్‌లో దాదాపు 8,600 మంది చనిపోయారు. ఆల్టోనా చాలావరకు బయటపడింది. రెండు ఊళ్ల సరిహద్దు వీధుల్లో సైతం జబ్బు ఏ కుళాయి వైపు ఉందో చూసి జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ నీటి వడపోతకు తిరుగులేని సాక్ష్యంగా చూపించాడు.

శ్రీకాకుళం పట్టణం తాగేది నాగావళి ఇసుకలోని ఊటబావుల నీరే. విజయనగరానికి నీళ్లిచ్చే చోట్లలో ఒకటి నెల్లిమర్ల, అక్కడ చంపావతి. నది మధ్యలో ఇసుకలోకి దించిన సిమెంటు బావి, దాని అడుగునుంచి నలుదిక్కులా రంధ్రాల గొట్టాలు, పైన మోటారు గది. పెద్ద చెలమే అది. అందులోంచి వచ్చిన నీటికి క్లోరిన్ కలిపి పంపుతారు. కుళాయి దాకా వచ్చేసరికి లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది నియమం. దారిలో గొట్టం పగిలి మురుగు కలిసినా తట్టుకోవడానికి ఆ మిగులు. నీళ్లలో మందు వాసన వస్తోందని విసుక్కుంటాం గానీ, బొత్తిగా వాసన రాని రోజునే అనుమానించాలి.

వానాకాలం వస్తే చెలమలు మునిగిపోతాయి. అప్పుడు ఎర్రనీరే గతి. పాతరోజుల్లో ఇంటింటా ఒక చిల్లగింజ ఉండేది. దాన్ని కుండ లోపలి వైపు గరుకు మీద అరగదీసి నీళ్లు పోస్తే, తెల్లారేసరికి మట్టి అడుగుకు చేరేది. మట్టి రేణువులు మరీ సన్నవి, పైగా అన్నిటిమీదా రుణ విద్యుదావేశమే ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతుంటాయి. గింజలోని జిగురు పదార్థాలు వాటిని ఒకచోటికి చేర్చి బరువెక్కిస్తాయి. పటిక కూడా ఆ ఆవేశాన్ని చల్లార్చే చేస్తుంది ఈ పని. కానీ ఒకటి గుర్తుంచుకోవాలి. తేటబడిన నీరు అంతా మంచినీరు కాదు. మట్టి దిగుతుంది, క్రిములు అన్నీ దిగవు. మరిగించాలి, లేదా క్లోరిన్ వెయ్యాలి.

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. రాష్ట్రమంతా ఉలిక్కిపడి చూసింది. గుర్ల కూడా చంపావతి పక్కదే. ఏటి ఒడ్డు బహిర్భూమిగా, చెత్తకుప్పగా మారితే, గొట్టాలు మురుగు కాలువల్లోంచి పోతుంటే, కింద ఎంత ఇసుక ఉన్నా ఏం లాభం? ఇసుక చెయ్యగలిగిన పనికీ ఒక హద్దుంది. దాని నెత్తిన మనం ఎంత పోస్తున్నాం అన్నదాన్ని బట్టి ఆ హద్దు.

ఇక ఆ ఇసుకనే లారీలకెత్తితే? మేట పలచబడ్డకొద్దీ ట్యాంకులన్నీ ఒక్కొక్కటే ఖాళీ అయినట్టు. నదిగర్భం దిగిపోతే పక్క ఊళ్ల బావుల్లో నీటిమట్టం కూడా దానితోపాటే దిగుతుంది, సముద్రం దగ్గరైతే ఉప్పునీరు లోపలికి చొచ్చుకొస్తుంది. నీరు, నేల, చెట్ల రక్షణకు పెట్టిన వాల్టా చట్టం నియమాల ప్రకారం తాగునీటి బావులకూ వంతెనలకూ 500 మీటర్ల లోపు ఇసుక తవ్వకూడదు. ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇసుక కావాలి, కాదనను. అయితే ఇసుక ధర చెప్పేటప్పుడు టన్ను ఇంత అంటారే తప్ప, దాంతోపాటు పోయిన నీటి ఖరీదు ఏ బిల్లులోనూ ఉండదు.

20 లీటర్ల క్యాను వచ్చాక ఈ గొడవలన్నీ తీరాయని చాలామంది అనుకుంటున్నారు. క్యాను నీరు ఆకాశంనుంచి ఊడిపడదు, ప్లాంటు వెనకాల ఉన్న బోరులోంచే వస్తుంది. తోడిన నీటిలో పెద్ద వాటాను ఉప్పునీరుగా వెనక్కి పారబోసి, మిగిలినదాన్ని మనకు అమ్ముతారు. ఆర్.ఓ. యంత్రం ఉప్పులను తీసేస్తుంది, వాటితోపాటే కాల్షియం, మెగ్నీషియం కూడా తీసేస్తుంది. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే, లవణాల వరకు మన ప్రమాణాల ప్రకారం నిక్షేపంగా తాగొచ్చు. అలాంటి నీరున్న ఊళ్లో కూడా క్యానులు కొనడం నా లెక్కలో డబ్బు దండగ.

కొండ నెత్తిన

ఎండాకాలంలో ఇసుక కింద నీరు ఎక్కడినుంచి వస్తోంది? వాన వెలిసి నెలలైనా సన్నగా పారుతూనే ఉండే గెడ్డలు, అంటే కొండవాగులు, దానికి ఆధారం. తూర్పు కనుమల్లో మనకు ఎక్కువగా కనిపించే రాయి ఖోండలైట్. కనుమల్లో ఉండే ఖోండు జనం పేరే దానికి పెట్టారు. లక్షలాది ఏళ్ల వానకు ఆ రాయి పైభాగం శిథిలమై, కొన్ని కొండల నెత్తిన బాక్సైటు పొరగా మారింది. అది నిండా సూక్ష్మరంధ్రాలున్న పొర. వానాకాలంలో తాగిన నీటిని ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా కొండ నడుంనుంచి ఊటలుగా వదులుతుంది. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు సవర, జాతాపు గూడేల్లో మోటారు లేకుండా, పై ఊటనుంచి గొట్టం వేసుకుని కుళాయిలు తిప్పుకునేవి ఉన్నాయి. కరెంటు బిల్లు లేని రక్షిత నీటి పథకం.

వంశధారకు నీరిచ్చే ఊటల్లో కొన్ని ఒడిశాలోని నియమగిరి కొండలవి. ఆ కొండ నెత్తిన ఉన్న బాక్సైటు తవ్వాలా వద్దా అన్న వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న, అక్కడి గ్రామసభల్నే అడగమంది. జూలై, ఆగస్టుల్లో జరిగిన 12 గ్రామసభలూ ఒక్క గొంతుతో వద్దన్నాయి. అక్కడి డోంగ్రియా ఖోండులు తమ దేవుడు నియమరాజు కొండను కాపాడుకున్నారని వార్తలు రాశారు. నిజమే. హిరమండలంలో, టెక్కలిలో, పలాసలో కుళాయి తిప్పేవాళ్ల నీళ్లను కూడా వాళ్లు కాపాడారన్న సంగతి మన పేపర్లలో పెద్దగా రాలేదు. నది రాష్ట్ర సరిహద్దు చూసుకుని పుట్టదు. ఆంధ్ర, ఒడిశాల మధ్య వంశధార నీటి తగాదాకు 2010లో ట్రిబ్యునల్ వెయ్యాల్సి వచ్చింది. పంచుకోవాల్సిన నీరు పుట్టేచోటు గురించి ఆ తగాదాల్లో పెద్దగా మాటరాదు.

తినే నీళ్లు

మనిషి రోజుకు తాగేది మూడు లీటర్లు. వండుకోవడం, స్నానం, బట్టలు అన్నిటికీ కలిపి కేంద్ర ప్రభుత్వ జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న లెక్క తలకు 55 లీటర్లు. మరి తినేది?

కిలో ధాన్యం పండడానికి వానగానో కాలువనీరుగానో చేలోకి చేరే నీరు సగటున 2,500 లీటర్లని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ లెక్క. ధాన్యం మరపడితే మూడింట రెండొంతులే బియ్యం. రోజుకు 400 గ్రాముల బియ్యం తినే మనిషి 600 గ్రాముల ధాన్యం తింటున్నట్టు, అంటే సుమారు 1,500 లీటర్ల నీరు. మన నీటి చర్చంతా ఆ మూడు లీటర్ల చుట్టూ తిరుగుతుంది గానీ, అసలు పద్దు అన్నంలో ఉంది.

దీన్నే టీఎంసీల్లో చూద్దాం. ఒక టీఎంసీ అంటే 2,832 కోట్ల లీటర్లు. రోజుకు 55 లీటర్ల చొప్పున 14 లక్షల మందికి ఏడాది పొడవునా సరిపోతుంది. అదే టీఎంసీతో వరి పండిస్తే, పంటకాలానికి 1,200 మిల్లీమీటర్ల నీరు వేసుకుంటే, దాదాపు 5,800 ఎకరాలు తడుస్తాయి. వంశధార మీద గొట్టా బ్యారేజీ ఎడమ కాలువ కింద ఆయకట్టే దాదాపు లక్షన్నర ఎకరాలు.

అయితే ఆ 2,500 లీటర్లూ ఖర్చయిపోయినట్టు కాదు. పైరూ మడీ కలిసి గాలిలోకి వదిలేది 1,400 లీటర్లకు కాస్త పైన. తక్కినది నేలలోకి ఇంకుతుంది, లేదా కింది మడిలోకి జారుతుంది. చెరువు కింద పల్లపు పొలంలో ఉభాలు, అంటే నాట్లు, పడ్డాక రెండు వారాలకు ఊరి బావిలో నీరు పైకి రావడం ఎవరైనా చూడొచ్చు. వరిమడి తాగేసేది కొంత, దాచిపెట్టేది కొంత. ఈ రెండో మాట మరిచిపోయి వరిని తిట్టేవాళ్లున్నారు.

బ్యారేజీలకన్నా ముందునుంచీ ఇక్కడ నీటిని ఆపింది చెరువులే. గెడ్డ నీరు పై చెరువులోకి, అక్కడ నిండి అలుగు పారితే కింది చెరువులోకి, ఇలా గొలుసుకట్టు. గట్టు కింద మదుము, మదుము తలుపు ఎప్పుడెత్తాలో ఎంతెత్తాలో తెలిసిన నీరుకట్టు. చెరువు అడుగున చేరిన ఒండ్రు వేసవిలో బళ్లమీద గరువు భూములకు పోయేది. మట్టి తీస్తే చెరువు లోతయ్యేది, మట్టి పడితే చేను బలిసేది. ఒక్క పనికి రెండు ఫలాలు. ఇప్పుడు ఆ గొలుసులో చాలా లంకెలు తెగిపోయాయి. గెడ్డ దారిలో ఇళ్లస్థలాలు లేచాయి, చెరువు గర్భంలో సాగు మొదలైంది. తెగినచోటనుంచి కింది చెరువులన్నీ ఎండుతాయి. మూడో చెరువు రైతు తన చెరువెందుకు నిండలేదో తెలియక ఆకాశం వైపు చూస్తాడు.

ఈ పొలాల్లో పండేది ఏమిటంటే, ఎక్కువ చోట్ల స్వర్ణ రకం, పశ్చిమగోదావరి మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో ఇచ్చింది. శ్రీకాకుళం పక్కన రాగోలు కేంద్రం తయారుచేసిన శ్రీకాకుళం సన్నాలు ఇంటి పేరున్న రకం. అన్నం ఎక్కడిదని అడిగేవాళ్లు పొలంతోపాటు ఈ కేంద్రాల్నీ తలుచుకోవాలి.

వరి కోసిన చేల్లో మరో చమత్కారం ఉంది. కోతకు రెండు మూడు రోజుల ముందు, ఇంకా నిలబడి ఉన్న పైరులోనే పెసలు, మినుములు చల్లేస్తారు. దుక్కి లేదు, తడి లేదు. మడిలో మిగిలిన చెమ్మ, రాత్రి మంచు, అంతే. వాటి వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి నేలకు కలుపుతుంది. వరి వాడగా మిగిలిన నీటితో పప్పు పండుతుందన్నమాట. ఇడ్లీ పిండిలో బియ్యమూ మినప్పప్పూ ఒకే మడిలో, ఒకే వాననీటితో పండి ఉండే అవకాశం ఇక్కడ బాగా ఉంది.

కందిపప్పు కథ వేరు, చాలాభాగం బయటినుంచే రావాలి. ఇక నూనె. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. ఇండోనేషియా, మలేషియాలనుంచి పామాయిలు కాకినాడలాంటి రేవుల్లో దిగి మన మూకుళ్లలోకి వస్తుంది. అప్పడం వేయించడానికి ఏ దేశపు వానో ఖర్చవుతోంది.

గరువుల మీద, కొండవాలుల్లో చోళ్లు (రాగులు), గంటెలు, సామలు వానాధారంగానే పండేవి, ఇంకా అక్కడక్కడా పండుతున్నాయి. చోళ్లలో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం. బియ్యంలో అందులో ముప్ఫయ్యో వంతు కూడా ఉండదు. విజయనగరం వ్యవసాయ పరిశోధనా కేంద్రం తన చోడి రకాల్లో ఒకదానికి చంపావతి అని ఆ నది పేరే పెట్టుకుంది. రెండు రూపాయల బియ్యం వచ్చాక చోడి అంబలి బీదతిండి అనిపించుకుని వంటింట్లోంచి పోయింది. ఇప్పుడు సూపర్ మార్కెట్లో రాగి మాల్ట్‌గా తిరిగొచ్చింది, పది రెట్ల ధరకు.

రేషన్ బియ్యం గురించి ఒక మాట చెప్పి తీరాలి. కడిగేటప్పుడు కొన్ని గింజలు తేలుతున్నాయనీ, అవి ప్లాస్టిక్ బియ్యమనీ ఊళ్లలో గోల. అవి బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి యంత్రంలో గింజల్లా ఒత్తినవి. నూటికి ఒక గింజ చొప్పున కలిపారు. ఏరి పారేస్తే పోషకాల్ని ఏరి పారేసినట్టే. పిల్లల్లో, ఆడవాళ్లలో రక్తహీనత తగ్గించాలని పెట్టిన పథకం ఇది. ఎందుకు కలిపారో డిపో దగ్గర ఓ ముక్క చెప్పి ఉంటే ఈ పుకారు పుట్టేదే కాదు. గంజి వార్చి పారబోస్తే బి విటమిన్లు కూడా అందులో పోతాయి. మన పెద్దవాళ్లు ఆ గంజిని తరవాణి కుండలో పోసి పులియబెట్టి తాగేవారు. ఏ పుస్తకం చదివి చేశారో గానీ, పోయినదాన్ని తిరిగి కడుపులోకి తెచ్చుకున్నారు.

నౌపడ మడులు

సముద్రాన్ని కూడా ఆపితే గానీ తిండి కాదు. సంతబొమ్మాళి మండలం నౌపడ దగ్గర ఉప్పు మడులు చూస్తే ఈ మాట తెలుస్తుంది. లీటరు సముద్రపు నీటిలో 35 గ్రాముల లవణాలు. అందులో మనం తినే ఉప్పు 27 గ్రాములు. కాబట్టి కిలో ఉప్పుకు తక్కువలో తక్కువ 37 లీటర్ల నీరు ఆవిరి కావాలి. వానాకాలం తర్వాత వరద నీరు కలిసి మన తీరంలో సముద్రం కాస్త పలచబడుతుంది, అందుకే సంక్రాంతి దాటి ఎండ ముదిరాకే అసలు పని.

పోటు నీటిని ముందు పెద్ద మడిలోకి మళ్లించి ఎండబెడతారు. చిక్కబడ్డకొద్దీ ఒక మడిలోంచి మరో మడిలోకి జరుపుతారు. మొదట జిప్సం పేరుకుంటుంది, దాన్ని ఆ మడిలోనే వదిలేస్తారు. ఉప్పునీటి చిక్కదనం చూసే బోమే కొలతలో 25 డిగ్రీలకు వచ్చిన నీటిని ఆఖరి మడిలోకి ఎక్కిస్తే, తెల్లారి ఎండలో నీటి మీద సన్నటి తెట్టులా మొదలై, బరువెక్కి, గల్లు గల్లున అడుగున రాలుతుంది ఉప్పు. కూలీలు పాదాలు పగిలే ఆ ఉప్పునీటిలో నిలబడి పొడవాటి కర్రపలకతో గట్టుకు లాగుతారు. అడుగున మిగిలే చేదునీరు 30 డిగ్రీలు దాటకముందే పారబోయాలి. అందులో మెగ్నీషియం లవణాలుంటాయి. అవి ఉప్పులో కలిస్తే వానాకాలంలో డబ్బా అడుగున చెమ్మ చెమ్మగా కారేది ఆ ఉప్పే.

సముద్రపు ఉప్పులో అయోడిన్ సహజంగానే ఉంటుందని చాలామంది నమ్మకం. సముద్రంలో అయోడిన్ ఉన్నమాట నిజమే గానీ, ఉప్పు స్ఫటికంలోకి దాదాపు రాదు. వాన కొండల మట్టిని కడిగి అయోడిన్‌ను సముద్రానికి మోసుకుపోతుంది, అందుకే గొంతువాపు జబ్బు కొండప్రాంతాల్లో ఎక్కువ కనిపించేది. కొండనుంచి పోయినదాన్ని మళ్లీ కొండకు చేర్చడానికి ఉప్పులో అయోడిన్ కలిపి పంపుతున్నాం. 2006నుంచి అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మడం నేరం. కొండ సంతలకు ఉప్పూ ఎండుచేపలూ ఎక్కి, చింతపండూ పసుపూ అడ్డాకులూ దిగే వర్తకం చాలా పాతది. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడనుంచి తమ ఊరికి వేసిన చిన్న రైలుదారి, 1931కల్లా గుణుపూర్ దాకా పోయింది, ఈ రాకపోకల దారి వెంబడే.

ఉద్దానం నీళ్లు

చివరగా అన్నిటికన్నా చిక్కు ప్రశ్న. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస. ఈ ఏడు మండలాల ఉద్దానం కొబ్బరి, జీడి, పనస తోటలతో శ్రీకాకుళం జిల్లాలోకెల్లా పచ్చని నేల. ఇసుకనేల, పదిపదిహేను అడుగుల్లో నీరు. ఇంతకుముందు చెప్పినదాని ప్రకారం ఇది నీటికి స్వర్గం కావాలి. అక్కడే, మధుమేహమూ రక్తపోటూ లేనివాళ్లకు సైతం, తోటపని చేసే నడివయసువాళ్లకు మూత్రపిండాలు చెడిపోతున్నాయి. శ్రీలంక ఉత్తరమధ్య ప్రాంతంలో వరి రైతులకూ, నికరాగ్వా, ఎల్ సాల్వడోర్‌లలో చెరుకు కూలీలకూ ఇలాంటి జబ్బే వస్తోంది.

మొదటి అనుమానం నీటిమీదే పడింది. నీటిలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో చెమటోడ్చి సరిపడా నీరు తాగకపోవడం, ఒళ్లునొప్పులకు అదే పనిగా మింగే మాత్రలు, వంశపారంపర్యం, ఇలా ఒక్కొక్కదాన్నీ పరిశోధకులు తూచి చూస్తూనే ఉన్నారు. ఏ ఒక్కదాన్నీ దోషిగా తేల్చలేదు. ఒకటికన్నా ఎక్కువ కలిసి చేస్తున్న పని అనే మాటకే ఇప్పుడు బలం ఎక్కువ.

కారణం తేలేదాకా చేతులు ముడుచుకు కూర్చోలేం కాబట్టి, నీటినే మార్చారు. హిరమండలం జలాశయంనుంచి వంశధార నీటిని శుద్ధిచేసి, గొట్టాల్లో 807 ఊళ్లకు పంపే 700 కోట్ల రూపాయల పథకం 2023 డిసెంబరు 14న మొదలైంది. అదే రోజు పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభించారు. కాళ్ల కింద నీరున్న జనం కొండవార నీటికోసం చూడాల్సి రావడం బాధే. అయినా ఇది సరైన పనే. ఒక అనుమానితుణ్ణి పక్కన పెడితేనే మిగతావాటి లెక్క తేలుతుంది. కొన్నేళ్లు ఈ నీరు తాగాక కొత్త కేసులు తగ్గుతాయా లేదా అన్నది జాగ్రత్తగా నమోదు చేస్తే, అదే పెద్ద పరిశోధన అవుతుంది.

అక్కడే సోంపేట పక్కన బీల ఉంది. చుట్టూ కొండల నీరు వచ్చి చేరి, ఏడాదంతా ఊరి పొలాలకూ బావులకూ అందించే చిత్తడి నేల. కాగితాల మీద అది పనికిరాని భూమి. థర్మల్ కేంద్రానికి ఇస్తామంటే జనం అడ్డం పడ్డారు, 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని కొట్టేసింది. నీరు ఆగే చోటును బంజరు అని రాసే అలవాటు రెవెన్యూ కాగితాల్లోంచి పోతే గానీ ఇలాంటివి ఆగవు.

ఇక మీ కుళాయి సంగతికి వస్తే, జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు నీటిపరీక్ష నేర్పాలన్నది నియమం. వాళ్ల దగ్గరుండే పెట్టెలో చిన్న సీసా ఒకటి ఉంటుంది. దానిలో గుర్తుదాకా కుళాయినీరు పోసి, ఒకటి రెండు రోజులు నీడలో ఉంచాలి. నీరు నల్లబడితే అందులో మలం కలిసిన జాడ ఉన్నట్టు, ఆ నీరు తాగకూడదు. ఈ పుస్తకం పక్కన పెట్టాక మీ సచివాలయానికి వెళ్లి మూడు సంగతులు అడగండి. మా కుళాయికి నీరు ఏ బావిలోంచి వస్తోంది, చివరిసారి పరీక్ష ఎప్పుడు చేశారు, సీసా రంగు మారిందా లేదా. జవాబు చెప్పలేకపోతే, ఆ సీసా తెప్పించి మీ ఎదుటే నింపమనండి.